మిక్సీ కార్బను, నాన్న బొటనవేలు

మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం చేసి చాలాకాలమైంది. బల్లంతా రైలు పట్టాలే. కోడిగుడ్డు ఆకారంలో చుట్టూ తిరిగి వచ్చే లైను ఒకటి, దాని పక్కనే బళ్ళు నిలబెట్టే చిన్న సైడింగు, ఒక మూల బిస్కెట్ల అట్టపెట్టెతో చేసిన స్టేషను. మేము మాత్రం కంచాలు ఒళ్ళో పెట్టుకుని సోఫాలో కూర్చుని తింటాం. ఇంటికొచ్చిన చుట్టాలు ముందు బల్లను చూసి, తర్వాత నన్ను చూసి, ఈ ఇంట్లో చిన్నపిల్లలెవరూ లేరే అని లోపల్లోపల ఆశ్చర్యపోవడం నాకు తెలుస్తూనే ఉంటుంది. నేనేమీ చెప్పను. చెప్పడం మొదలుపెడితే కాఫీ చల్లారిపోతుంది.

ఆ రైలు మా నాన్నది. విజయవాడలో కరెంటు ఇంజన్లు నడిపి రిటైరైన డ్రైవరాయన. ఉద్యోగం కొత్తలో ఏదో పని మీద బొంబాయి వెళ్ళినప్పుడు పాత సామాన్ల బజారులో ఈ బొమ్మ ఇంజను కనబడిందట. ఎవరో దొరలింట్లోంచి వచ్చిన జర్మనీ సరుకు. జానెడు కూడా ఉండదు గానీ, చేతిలోకి తీసుకుంటే రోకలి పొన్నంత బరువు. దాని కడుపులో ఉన్న మోటారు నాకంటే పెద్దది, వయసులో. నా చిన్నప్పుడు ఆదివారం పూట నాన్న దాన్ని గుడ్డలోంచి తీసి, సూది మొనతో ఒకే ఒక్క చుక్క నూనె పెట్టి, పట్టాల మీద నాలుగు చుట్లు తిప్పి మళ్ళీ గుడ్డలో చుట్టేసేవాడు. ముట్టుకోవడానికి నాకు హక్కు లేదు. చూడడానికి మాత్రం ఉంది.

అమ్మ పోయాక నాన్న సూరత్‌లో మా దగ్గరికి వచ్చేశాడు. ఒక చేతిలో బట్టల పెట్టె, ఇంకో చేతిలో రైలు పెట్టె. మా ఆయనకు ఇచ్ఛాపూర్ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం, నాకు కామ్‌రేజ్ వైపు బ్యాంకులో. పొద్దున్నే ఇద్దరం చెరో దిక్కుకు పోతే నాన్న ఇంట్లో పేపరు చదువుకుంటూ ఉండేవాడు. అంతా బాగానే ఉంది అనుకుంటుండగా పోయినేడు ఎండాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి, మాట, మూడూ ఒకేసారి పడిపోయాయి.

కాలు త్వరగానే దారికొచ్చింది, చేతికర్ర సాయంతో. మాట కూడా వచ్చింది గానీ ఒక్కొక్క ముక్కే, అదీ అవసరమైతేనే. "మునుపు మాత్రం నువ్వేమన్నా వాగుడుకాయవా నాన్నా, మాకేం తేడా తెలియడం లేదు" అని నేను ఏడిపిస్తే ఎడమ చేత్తో కర్ర ఎత్తాడు. రానిదల్లా కుడి చెయ్యే. ఒళ్ళో ఎవరిదో సామానులా పడి ఉండేది.

ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియో కుర్రాడు సౌరాష్ట్ర వాడు, మర్యాదస్థుడు. "మొదటి నెలలే ముఖ్యం, ఇప్పుడు కదిలితే చెయ్యి మీది, కదలకపోతే బిగుసుకుపోతుంది, దాన్ని కూర్చోనివ్వకండి" అని హిందీలో నచ్చజెప్పి, పిసకడానికి ఒక స్పాంజి బంతి ఇచ్చాడు. నాన్న ఆ బంతిని ఎడమ చేత్తో మంచం కిందికి విసిరేశాడు. నేను తీసిచ్చాను. మళ్ళీ విసిరేశాడు. నాకు ఓపిక తక్కువని మా బ్యాంకులో అందరికీ తెలుసు, నాన్నకు ఇంకా బాగా తెలుసు. నాలుగోసారి ఆ బంతిని నేనే బాల్కనీలోంచి కిందికి విసిరేశాను.

ఆ కోపంలోనే రైలు గుర్తొచ్చింది. బల్ల మీద పట్టాలు పరిచి, ఇంజను ఎక్కించి, కరెంటు పెట్టెను నాన్న కుర్చీకి కుడిపక్కన, ఎడమ చేతికి అందనంత దూరంలో పెట్టాను. ఆ పెట్టె మీద ఎర్రటి గుండ్రటి నాబు ఉంటుంది. అది ఎంత తిప్పితే రైలు అంత వేగంగా పోతుంది. నాన్న కాసేపు నన్ను, కాసేపు నాబును చూశాడు. తర్వాత ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి తీసుకెళ్ళి దాని మీద పెట్టుకున్నాడు. ఆరోజు రైలు కదల్లేదు. వారం తిరిగేసరికి కదిలింది. వానాకాలం అయ్యేసరికి వేళ్ళు నాబు చుట్టూ వాటంతటవే ముడుచుకునేవి, మలుపు దగ్గర రైలును నెమ్మది చేసేవి, స్టేషను ముందు ఆపేవి. ఫిజియో కుర్రాడు సంతోషంతో బల్ల ఫొటో తీసుకున్నాడు.

నేను బ్యాంకుకు వెళ్ళినప్పుడు నాన్నకు తోడుండేది కింది అంతస్తులో ఉండే ఆమె. సిరిసిల్ల వైపు నేతవాళ్ళు. పెళ్ళయ్యాక సూరత్ వచ్చింది. వాళ్ళాయన కడోదరాలో మరమగ్గాలు నడుపుతాడు. నన్ను అక్కా అంటుంది కాబట్టి ఇక్కడ చెల్లెలు అనే రాస్తాను. నాన్నను బాపూ అంటుంది. ఆయన ఒక్క ముక్క మాట్లాడితే ఈమె పది వాక్యాలు మాట్లాడి లోటు భర్తీ చేస్తుంది.

దసరా రోజు నేను బజారుకెళ్ళి వచ్చేసరికి రైలు ఆగిపోయి ఉంది. నాన్న చెయ్యి నాబు మీదే ఉంది, చివరిదాకా తిప్పి. ఇంజను కదలడం లేదు, కీచుమని చిన్న శబ్దం, కాలిన నూనె వాసన. దగ్గరికెళ్ళి చూద్దును కదా, ఇంజను నెత్తి మీద, పక్కల మీద, చక్రాల మీద పసుపు, కుంకుమ. సందు కనబడ్డ ప్రతిచోటా నూనె కారుతోంది.

"ఏం చేశావే?" అన్నాను. గొంతు కొంచెం పెరిగిందనుకుంటాను, ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకుంది.

"ఏంది అక్కా గట్లంటవ్? దసరా గదా. మా సాంచెలకు కడిగి, నూనె వోసి, బొట్టు వెడ్తం. బాపు ఇంజన్ కు ఎవ్వరు వెట్టలే, పాపం అనిపిచ్చింది. జర ఎండిపోయినట్టుండె, గందుకే మా ఆయన డబ్బల నూనె తెచ్చి మంచిగ వోసిన" అంది చెల్లెలు.

సాంచె అంటే వాళ్ళకు మరమగ్గం. దానికి నూనె ఎంత తాగిస్తే అంత మంచిది. దసరా నాడు సాంచెకు బొట్టు పెట్టని ఇల్లు వాళ్ళలో ఉండదు. ఇవన్నీ నాకు తర్వాత తట్టిన న్యాయాలు. అప్పుడు మాత్రం నోటికి వచ్చినవన్నీ అనేశాను. ఆమె కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని కిందికి వెళ్ళిపోయింది. మర్నాడు రాదేమో అనుకున్నాను. వచ్చింది, ముఖం మాత్రం గంటు పెట్టుకుని.

ఇంజనును గుడ్డతో తుడిచాను. ఊదాను. తలకిందులు చేసి తట్టాను. కదల్లేదు. ఊళ్ళో అలాంటివి బాగుచేసేవాళ్ళు ఎవరూ దొరకలేదు. ఒక బొమ్మల దుకాణం అతను నవ్వి, బ్యాటరీతో నడిచే ప్లాస్టిక్ రైలు చేతిలో పెట్టాడు. బటను నొక్కితే దీపాలు వెలుగుతాయి, కూత కూస్తుంది, దానంతటదే తిరుగుతుంది. నాన్న దాన్ని ఒక చుట్టు చూసి కిటికీ వైపు తిరిగిపోయాడు. నిజమే, నడపడానికి అందులో ఏముంది?

రైలు లేకపోయేసరికి చెయ్యి మళ్ళీ ఒళ్ళో పడింది. ఇంకో బంతి కొనిచ్చినా పట్టుకోడు. గిన్నెలో బియ్యం పోసి వేళ్ళు కదిపించబోతే గిన్నెను పక్కకు నెట్టాడు. దీపావళి సెలవులకు ఊరెళ్ళే ముందు ఫిజియో కుర్రాడు వచ్చి బొటనవేలును వెనక్కి వంచి చూసి, "బిగుసుకుంటోంది, నేను తిరిగొచ్చేలోపు ఇది ఇంకా పోకుండా చూడండి" అన్నాడు. ఈసారి నవ్వలేదు. నాకు భయం వేసింది. నా భయం ఎప్పుడూ కోపం వేషంలోనే బయటికి వస్తుంది కాబట్టి, ఆ సాయంత్రం మా ఆయన టీలో చక్కెర ఎక్కువైందని అన్నందుకు పెద్ద గొడవ చేశాను.

దీపావళి అయిన వెంటనే సెలవు పెట్టి, బల్ల మీద పేపరు పరిచి ఇంజను విప్పడానికి కూర్చున్నాను. మా ఆయన సాయానికి రాలేదు. ఆయన దృష్టిలో స్క్రూడ్రైవరంటే పెయింటు డబ్బా మూత తెరిచే వస్తువు. నాన్న పక్కన కుర్చీలో, ఎడమ చేతిలో కర్రతో కూర్చున్నాడు. నేను తప్పు చేస్తే కర్ర నేల మీద ఠప్పుమంటుంది. సరిగ్గా చేస్తే ఏమీ వినబడదు. మా నాన్న మెచ్చుకోలు జీవితమంతా ఇంతే.

అడుగున ఉన్న స్క్రూ తీస్తే పైతొడుగు మొత్తం లేచి వచ్చింది. లోపల మోటారు అగ్గిపెట్టెంత ఉంది. ఇనుప ముక్కల మధ్య రాగితీగ చుట్టిన ఇరుసు, దాని చివర రాగి బిళ్ళల గుండ్రటి బొడిపె, దానికి రెండువైపులా ఆనుకుని కరెంటు అందించే రెండు నల్లటి కార్బను ముక్కలు. అదంతా ఎర్రటి ముద్దలో మునిగిపోయి ఉంది. కుంకుమ, పసుపు, మగ్గం నూనె, కార్బను పొడి, అన్నీ కలిసి పచ్చడైపోయాయి.

స్పిరిటు, పాత టూత్‌బ్రష్షు పెట్టి కడిగాను. రాగి బిళ్ళల మధ్య సన్నటి గాడులున్నాయి. వాటిలో ఇరుక్కున్న ముద్దను చీపురు పుల్ల చీల్చి దానితో గీకాను. రాగి ఇంకా నల్లగానే ఉంది కదా అని గరుకు కాగితం తీశాను. ఠప్పుమంది కర్ర.

"మరి దేంతో తోమను?"

నాన్న పెదవులు కాసేపు వెతుక్కున్నాయి. "రబ్బరు" అన్నాడు.

పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు. దానితో మెల్లగా రుద్దుతుంటే రాగి కొత్త పైసాలా బయటపడింది. కర్ర చప్పుడు లేదు.

కార్బన్లు తీసి చూస్తే అసలు సంగతి తెలిసింది. ఒకటి పూర్తిగా అరిగి, దాన్ని నొక్కిపట్టే తీగ స్ప్రింగు నేరుగా రాగిని గీకుతోంది. రెండోది చిటికెడు మిగిలింది, చేత్తో తీస్తుంటేనే పొడైపోయింది. అంటే బొట్టు పెట్టకపోయినా ఈ ఇంజను రేపో మాపో ఆగాల్సిందే. చెల్లెలిని పిలిచి ఈ మాట చెప్పాను. చెప్పకుండా ఉంటే బాగుండుననిపించింది గానీ చెప్పాను.

ఆమె ముక్కలను చూసి, నన్ను చూసి, "మరి నన్ను గన్ని మాటలంటివి గదక్కా" అంది. వెంటనే నవ్వేసింది. "పోనీ తియ్. గిప్పుడు కొత్తవి యాడ దొర్కుతయ్?"

దొరకవు. దీపావళి తర్వాత సూరత్‌లో లాభ్ పాంచమ్ దాకా, అంటే ఐదో రోజు దాకా, షట్టరు ఎత్తేవాడు ఉండడు. కడోదరాలో మగ్గాలు కూడా ఆగిపోయాయి, కార్మికులు చాలామంది ఊళ్ళకు పోయారు. మిక్సీలు బాగుచేసే సందు మొత్తం తాళాలే. అన్ని రోజులు ఆగే ధైర్యం నాకు లేదు. ఆ చెయ్యి రోజురోజుకూ పిడికిలైపోతోంది. వంటింటి గట్టు మీద మా మిక్సీ కనబడింది. దానిలోనూ కార్బన్లే కదా ఉండేది.

పండుగ పూట చట్నీ లేని ఇడ్లీ తింటూ మా ఆయన మిక్సీ ఏమైందని అడిగాడు. "రైలెక్కింది" అన్నాను.

మిక్సీ కార్బను ఈ మోటారుకు ఏనుగులాంటిది. దాన్ని డాబా మీద సిమెంటు గచ్చుకు రుద్ది, గోళ్ళు అరగదీసే ఆకురాయితో గీకి, కందిపప్పు బద్దంత చెయ్యాలి. అరగదీస్తుంటే పుటుక్కున విరిగేది. మళ్ళీ మొదలు. చేతులు, ముక్కు, నుదురు అంతా మసి. చెల్లెలు పైకి వచ్చి చూసి, "బొగ్గు బావికెల్లి వచ్చినట్టున్నవ్ అక్కా" అని తన పైటకొంగుతో నా ముఖం తుడిచింది. అలా మా మధ్య గొడవ పూర్తిగా తీరిపోయింది. చివరికి రెండు ముక్కలు కుదిరాయి.

బిగించడం దగ్గర అసలు చిక్కు వచ్చింది. రెండు కార్బన్లకూ కలిపి ఒకటే తీగ స్ప్రింగు. వంచిన చీపురు పుల్లలా ఉంటుంది, ఒక కొన ఈ కార్బనును నొక్కుతుంది, ఇంకో కొన ఆ కార్బనును. ఇటువైపు కూర్చోబెట్టి అటు తిరిగేలోపు ఇటువైపుది ఎగిరిపోతుంది. ఒకసారి స్ప్రింగు ఎగిరి ఫ్రిజ్ కిందికి పోయింది. చెల్లెలు నేల మీద పడుకుని అట్లకాడతో లాగింది. ఇంకోసారి కార్బనే ఎగిరి నా జాకెట్టులో పడింది. నా రెండు చేతులూ చాలడం లేదు. ఒక చేత్తో ఇంజను దొర్లకుండా పట్టుకోవాలి, ఇంకో చేత్తో రెండో కార్బను దూర్చాలి. మొదటి కొనను నొక్కి పట్టడానికి మూడో చెయ్యి కావాలి.

"ఎవరైనా వచ్చి పట్టుకోండర్రా!" అని అరిచాను. ఎవరైనా అంటే ఇంట్లో ఉన్నది చెల్లెలే.

"జొన్నపిండి చేతులక్కా! కడుక్కొని వస్తున్న, ఆగు" అంది వంటింట్లోంచి.

ఆగడమా, నేనా? తీగ మళ్ళీ జారుతోంది. ఇక ఎగిరిపోతుందనగా దాని మీద ఒక బొటనవేలు వచ్చి పడింది. నొక్కి పట్టింది. హమ్మయ్య అనుకుని నేను అటువైపు కార్బను దూర్చి, తీగ రెండో కొన దాని మీదికి ఎక్కించాను. టిక్కుమని కూర్చుంది. అప్పుడు చూశాను ఆ వేలు. పసుపు పచ్చటి మందపాటి గోరు, వేలి మొదట్లో ఎప్పుడో కాలిన మచ్చ. కర్ర ఇంకా నాన్న ఎడమ చేతిలోనే ఉంది.

గుమ్మంలో చెల్లెలు తడిచేతులతో నిలబడి నోరు తెరిచింది. నేను తల అడ్డంగా ఊపాను. మూసుకుంది.

కార్బను కూర్చున్న మాట నాకు తెలుసు. అయినా తీగ కొనను మెల్లగా పక్కకు జరిపి కార్బనును బయటికి లాగేశాను. "అయ్యో, కూర్చోలేదు నాన్నా. కొంచెంసేపు అలాగే పట్టుకో, వదలకు" అన్నాను. నాన్న వేలు వణుకుతోంది. దానితో పాటు తీగ కూడా వణుకుతోంది. కానీ జారలేదు. నేను మళ్ళీ పెట్టాను, మళ్ళీ తీశాను. పాడు కార్బను అని తిట్టాను. సరిగ్గా అరగలేదన్నాను. కళ్ళు మసకబారి నిజంగానే కార్బను కనబడడం లేదు, ఆ ముక్క మాత్రం అబద్ధం కాదు.

"అయితలేదా అక్కా? జర మెల్లగ, మెల్లగ" అంది చెల్లెలు. నాకంటే అధ్వాన్నమైన నటి.

నాన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పెదవులు వెతుక్కున్నాయి.

"కూర్చుంది" అన్నాడు. కాస్త ఆగి, "ఎప్పుడో." ఇంకాస్త ఆగి, "నాటకాలు."

చెయ్యి మాత్రం తీయలేదు.

సాయంత్రానికి రైలు కదిలింది. మిక్సీ కార్బను కొత్త కదా, మొదట గరగరలాడుతూ నిప్పురవ్వలు చిమ్మి, నాలుగు చుట్లు తిరిగాక సర్దుకుంది. నాన్న వేళ్ళు నాబును ఒకేసారి పట్టుకోలేకపోయాయి. రెండు మూడుసార్లు జారాయి. స్టేషను దాటించి ముందుకు పోనిచ్చాడు. ఫిజియో కుర్రాడు సెలవుల నుంచి వచ్చి బొటనవేలును వంచి చూసి, ఏం వ్యాయామం చేయించారని అడిగాడు. మోటారు రిపేరన్నాను. హాస్యమనుకుని నవ్వాడు.

ఇప్పుడు చలికాలం. పోంక్ బళ్ళు వచ్చాయి, చెల్లెలు ఆ లేత జొన్నలు పొట్లం కట్టించి తెస్తుంది. రైలు రోజూ నడుస్తోంది, ఏ ఇబ్బందీ లేదు. మొన్న ఆదివారం పొద్దున నేను పేపరు చదువుతుంటే నాన్న కర్రతో నేల మీద కొట్టాడు.

"విప్పు" అన్నాడు.

"ఏం విప్పను?"

"మోటారు."

"బాగానే నడుస్తోందిగా నాన్నా, దానికేమైంది?"

"విప్పు" అన్నాడు మళ్ళీ. బల్ల మీద పాత పేపరు అప్పటికే పరిచి ఉంది. దాని మీద కుడి చెయ్యి పెట్టుకుని, బొటనవేలు కొంచెం పైకెత్తి, నా కోసం కూర్చుని ఉన్నాడు.